ఇసుక లోపలి వేడి: సూర్యలంక తీరంలో ఒక తాబేలు పొదుగు కేంద్రం డైరీ

డిసెంబరు, చివరి వారం

ఒడ్డుకొచ్చే ఆలివ్ రిడ్లీ సముద్ర తాబేళ్ల గుడ్లను తెచ్చి కాపాడే పొదుగు కేంద్రానికి ఈ సీజనుకు స్థలం కుదిరింది. సూర్యలంకలో సందర్శకులు చేరే తీరానికి దూరంగా, సరుగుడు తోటకూ పోటు గీతకూ మధ్య, పున్నమి అమావాస్యల పెద్ద పోటు కూడా అందుకోలేని ఎత్తులో ఉన్న ఒక ఇసుక మేటను అటవీ శాఖ సిబ్బందితో కలిసి ఎంచుకున్నాం. నిరుడు కంచె వేసిన చోటు చదునుగా, సిద్ధంగానే ఉన్నా అక్కడ మళ్లీ వేయలేదు. పగిలిన పెంకులూ పొదగని గుడ్ల అవశేషాలూ కలిసిన ఇసుకలో బూజూ పురుగూ నిలిచిపోతాయి కాబట్టి ఏటా చోటు మార్చడమే మేలు. తోట అంచును కూడా వదులుకున్నాం. అక్కడ సరుగుడు వేళ్లు గూళ్లలోకి చొచ్చుకొస్తాయి. పైగా రోజంతా నీడ పడే ఇసుకను తాబేలు తనంతట తాను ఎంచుకోదు.

ఇనుప జాలీని నేలలోకి కూడా లోతుగా దించి కంచె కట్టాం. కుక్కలూ నక్కలూ కంచె అడుగున తవ్వుకుని వస్తాయి, ఇసుక పీతలు అంతకంటే సన్నని దారి వెతుక్కుంటాయి. గూటికీ గూటికీ మధ్య మీటరు దూరం ఉండేలా తాడు కట్టి గుర్తులు పెట్టాం. దగ్గరదగ్గరగా పెడితే ఒక గూటి వేడి పక్క గూటిని తాకుతుంది, పనిచేసే మనిషి పాదం పక్క గూటి మీద పడుతుంది.

కొత్తగా చేరిన డిగ్రీ విద్యార్థులకు మొదటి రోజే చెప్పిన మాట ఇక్కడ కూడా రాసి ఉంచుతున్నాను. పొదుగు కేంద్రం మనకు రెండో మార్గమే. తల్లి ఎంచుకున్న చోట, తల్లి తవ్విన గుంటలో గుడ్లు క్షేమంగా ఉండగలిగితే వాటిని కదపకూడదు. ఒడిశాలోని గహీర్మఠలోనూ రుషికుల్యా నది ముఖద్వారం దగ్గరా లక్షల తాబేళ్లు కొద్ది రాత్రుల వ్యవధిలో ఒక్కసారిగా గట్టెక్కుతాయి. 2025 ఫిబ్రవరిలో రుషికుల్య తీరంలోనే దాదాపు 7 లక్షల తాబేళ్లు గుడ్లు పెట్టాయి. అక్కడ కుక్కలు ఎన్ని గూళ్లు తవ్వినా మిగిలేవి చాలా ఉంటాయి. శ్రీకాకుళం నుంచి నెల్లూరు దాకా మన తీరంలో అవి ఒంటరిగా, ఒక రాత్రి ఇక్కడ, మరో రాత్రి మూడు మైళ్ల అవతల, చెదురుమదురుగా వస్తాయి. ఒంటరి గూడు కుక్క కంట పడిందంటే తెల్లవారేసరికి ఏమీ మిగలదు. అందుకే ఇక్కడ తరలింపు అవసరమవుతోంది. అయితే తరలించిన క్షణం నుంచి ఆ గుడ్ల లోతు, తేమ, వేడి, పిల్లలు బయటికొచ్చే వేళ, అన్నీ మన బాధ్యతే అవుతాయి. ఈ ఏడాది నా దృష్టి అంతా ఆ వేడి మీదే ఉండబోతోంది.

జనవరి, రెండో వారం

గూళ్ల కంటే ముందు శవాలు కనిపించాయి. వేకువన నడిచిన ప్రతిసారీ కాకులు ముసిరిన చోటు ఒకటైనా ఎదురవుతోంది. అన్నీ ఆలివ్ రిడ్లీలే. డిప్ప మీద పక్క పలకలు ఒక్కోవైపు ఆరు, అంతకు పైగా ఉండటం, రెండు వైపులా లెక్క సమానంగా లేకపోవడం చూసి జాతిని పోల్చుకుంటాం. ఎదిగిన మగదాని తోక డిప్ప దాటి పొడుగ్గా వస్తుంది, ఆడదాని తోక పొట్టిది. డిప్ప వంపు వెంట టేపుతో కొలిచి, మళ్లీ లెక్కలోకి రాకుండా రంగు గుర్తు వేసి, లోతుగా పాతిపెడుతున్నాం. ఎక్కువ భాగం ఎదిగిన ఆడవి. వాటిలో ఒకదాని కడుపు చీలి గుడ్లు బయటికి కనిపించాయి. ఆ పూట విద్యార్థులెవరూ మాట్లాడలేదు.

బయటి గాయం కనిపించని శవాలే ఎక్కువ. తాబేలుకు ఉన్నవి ఊపిరితిత్తులు. గాలి కోసం అది పైకి రావాల్సిందే. మరబోటు ఒకసారి దించిన ట్రాల్ వలను గంటల తరబడి లాగుతుంది. అందులో చిక్కిన తాబేలు పెనుగులాడేకొద్దీ ఒంట్లోని ప్రాణవాయువు త్వరగా ఖర్చవుతుంది, వల పైకి లాగేసరికి ఊపిరాడక చచ్చిపోయి ఉంటుంది. 2025 జనవరిలో చెన్నై పరిసరాల్లో వందల సంఖ్యలో తాబేళ్లు చనిపోయి కొట్టుకొచ్చినప్పుడు ఈ విషయం పత్రికలకెక్కింది గానీ, మా తీరంలో ఏ జనవరీ శవాలు లేకుండా గడవదు. తూర్పు తీరంలో చేపల వేట నిషేధం ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు ఉంటుంది. చేపలు గుడ్లు పెట్టే కాలాన్ని చూసి పెట్టిన గడువు అది. తాబేళ్లు జత కట్టడానికీ గుడ్లు పెట్టడానికీ ఒడ్డుకు దగ్గరగా గుమిగూడే డిసెంబరు నుంచి మార్చి వరకు మాత్రం వేట జోరుగా సాగుతుంది.

గట్టు మీద నిలబడి అలివి వల లాగే మా ఊరి వాళ్ల వైఖరి వేరు. వలలో తాబేలు పడితే కూర్మావతారమని దండం పెట్టి నీళ్లలోకి వదులుతారు. ఆ వల గట్టుకు చేరేదాకా తాబేలు పైకి వచ్చి గాలి పీల్చుకునే వీలు కూడా ఎక్కువ. ఈ తేడాను చెప్పకుండా మత్స్యకారులందరినీ ఒకే గాటన కట్టడం అన్యాయం.

జనవరి, చివరి వారం

మొదటి గూడు దొరికింది. రాత్రి గస్తీలో ముందుగా కనిపించింది జాడ. రిడ్లీ ముందు కాళ్లను ఒకదాని తర్వాత ఒకటిగా వేసి నడుస్తుంది కాబట్టి దాని జాడలో కుడి ఎడమ గుర్తులు ఎదురెదురుగా కాక ఒకటి విడిచి ఒకటిగా పడతాయి. పచ్చ తాబేలైతే రెండు కాళ్లూ ఒకేసారి ఊని జరుగుతుంది, గుర్తులు జంటగా ఉంటాయి. జాడ చివర తల్లి ఇంకా తవ్వుతూనే ఉంది. ఈ దశలో వెలుగు పడినా అలికిడైనా పని మానేసి వెనుదిరుగుతుంది, అందుకని దాని వెనుక వైపు దూరంగా ఇసుకలో బోర్లా పడుకుని చూశాం.

ఆ తవ్వే పని ఎన్నేళ్లు చూసినా నాకు తనివి తీరదు. ముందు ఒంటితో పైపొర ఇసుకను తోసి చిన్న పల్లం చేసుకుంటుంది. తర్వాత వెనుక కాళ్లు మాత్రమే పనిచేస్తాయి. ఒక కాలు ఇసుకలోకి దిగి, అంచు ముడుచుకుని, పిడికెడు ఇసుకను పట్టి పైకి తెచ్చి పక్కన పెడుతుంది. ఆ వెంటనే రెండో కాలు తన వైపు ఇసుకను విసిరి తన వంతు తీసుకుంటుంది. తన వెనుక ఏం జరుగుతున్నదీ కంటితో చూడకుండానే, సుమారు 45 సెంటీమీటర్ల లోతున, మెడ సన్నగా, అడుగు గుండ్రంగా ఉండే గుంట తయారవుతుంది. కాలు అందినంత లోతే గూటి లోతు. ఆ తర్వాత గుడ్లు రెండేసి మూడేసి చొప్పున జారడం మొదలవుతుంది. ఒక్కో గూటిలో నూరు, నూట ఇరవై వరకు ఉంటాయి. పెంకు గట్టిది కాదు, తోలులా మెత్తనిది, అందువల్ల అంత ఎత్తు నుంచి పడినా పగలదు. కళ్ల నుంచి కారే నీరు ఏడుపు కాదు, ఒంట్లో ఎక్కువైన ఉప్పును గ్రంథులు బయటికి పంపే విధానం. పూర్తయ్యాక గుంట పూడ్చి, ఒంటిని కుడి ఎడమలకు ఊపుతూ పొట్ట డిప్పతో దబదబా దిమ్మిస కొట్టి, ఇసుకను చుట్టూ చిమ్మి, గంటలోపే సముద్రంలోకి వెళ్లిపోయింది. పిల్లల ముఖం అది ఎప్పుడూ చూడదు.

తరలింపులో మేం పాటించిన పద్ధతి వివరంగా రాస్తున్నాను, ఎందుకంటే చాలా గూళ్లు పాడయ్యేది ఇక్కడే. తల్లి గర్భంలో ఉన్నంతసేపు ప్రాణవాయువు చాలక పిండం ఎదుగుదల ఆగి ఉంటుంది. గుడ్డు బయటపడగానే మళ్లీ మొదలవుతుంది, కొన్ని గంటల్లో పిండం పెంకు లోపలి పొర పైభాగానికి అంటుకుంటుంది. అంటుకున్నాక గుడ్డు తిరగబడితే పొర చిరిగి పిండం చచ్చిపోతుంది. కాబట్టి తరలించాలంటే మొదటి కొన్ని గంటల్లోనే తరలించాలి; ఏ గుడ్డు ఏ వైపు పైకి ఉందో ఆ వైపే పైకి ఉంచి తీయాలి. బకెట్టు అడుగున ఆ గూటి తడి ఇసుకే వేశాం. పై గుడ్లు పైనే, అడుగు గుడ్లు అడుగునే ఉండేలా వరస తప్పకుండా పేర్చాం. బండి మీద కాకుండా చేత పట్టుకుని నడిచి తెచ్చాం. కేంద్రంలో గుంటను అదే లోతుకు, అదే ఆకారంలో చేత్తో తవ్వి, చివర గూటి ఇసుక కప్పి, తేదీ, వేళ, గుడ్ల సంఖ్య రాసిన పలక పాతాం. పొద్దున్నే ఎండ ఎక్కాక దొరికిన గూళ్లను మాత్రం కదపకుండా, ఉన్నచోటే జాలీ బోర్లించి కాపలా పెట్టాలని ముందే నిర్ణయించుకున్నాం.

ఫిబ్రవరి, మూడో వారం

గూళ్లు క్రమంగా నిండుతున్నాయి. గుడ్ల మధ్యలో ఉంచిన తీగ థర్మామీటర్లు ఇప్పుడు మా ముఖ్యమైన పని. కంచె బయట, ఎవరూ తాకని ఇసుకలో, అంతే లోతున మరొకటి పాతాం. పోల్చడానికి అది లేకపోతే కేంద్రంలోని అంకెలకు అర్థం ఉండదు.

తాబేలు పిల్ల ఆడదా మగదా అన్నది తల్లి గర్భంలో తేలదు. పొదిగే కాలాన్ని మూడు భాగాలు చేస్తే, నడిమి భాగంలో గూడు ఎంత వెచ్చగా ఉందన్నదాన్ని బట్టి నిర్ణయమవుతుంది. సుమారు 29, 30 డిగ్రీల దగ్గర రెండూ కలిసి పుడతాయి. దిగువన మగవి, ఎగువన ఆడవి పెరుగుతాయి. వేడి 34, 35 డిగ్రీల దాకా పోయి అక్కడే నిలిస్తే పిల్లలే దక్కవు. మొత్తం పొదుగుడు 45 నుంచి 55 రోజులు పడుతుంది, ఇసుక చల్లగా ఉంటే ఇంకొంత జాప్యమవుతుంది. అంటే జనవరి చివర పెట్టిన గూటికి ఇప్పుడు, ఈ వారాల్లోనే, ఆ నిర్ణయం జరుగుతోంది.

ఈ విషయం తెలిసిన తర్వాత పొదుగు కేంద్రాన్ని కంచె వేసిన ఖాళీ జాగాగా చూడలేం. రాత్రి చలి తగ్గని జనవరి గూళ్లు మగ పిల్లలనిచ్చే అవకాశం ఉన్నవి. వాటిని ఏ వేడి ఇసుకలోనో పాతితే, పిల్లల సంఖ్య బ్రహ్మాండంగా కనిపిస్తుంది గానీ అందులో మగవి ఉండవు. ఆస్ట్రేలియా గ్రేట్ బారియర్ రీఫ్ ఉత్తర భాగానికి చెందిన పచ్చ తాబేళ్ల మీద 2018లో వెలువడిన పరిశోధనలో, ఇంకా ఎదగని వాటిలో 99 శాతానికి పైగా ఆడవేనని తేలింది. అది ఎవరూ గుడ్లు తరలించని చోట, వేడెక్కిన ఇసుక ఒక్కటే చేసిన పని.

నీడ విషయంలో బృందంలో చాలాసేపు చర్చ జరిగింది. కేంద్రమంతటికీ తాటాకు పందిరి వేద్దామని కొందరు, అసలు వద్దని కొందరు అన్నారు. మగవాటిని తయారు చేయడం కోసమని వేడిని మన ఇష్టానికి దించడం నాకు సమ్మతం కాదు. ఈ తీరపు ఇసుక సహజంగా ఇచ్చే వేడి నుంచి దూరం పోకుండా చూడటమే మన పని అని నా అభిప్రాయం. చివరికి ఇప్పటి గూళ్లను ఎండలోనే ఉంచి, మార్చిలో వచ్చే గూళ్లకు మాత్రం ఒక పక్క పందిరి వేసి, బయటి థర్మామీటరుతో పోల్చుకుంటూ సాగాలని తేల్చుకున్నాం.

మార్చి, రెండో వారం

పందిరి వేశాం. దాని కింది ఇసుకకూ ఎండలో ఉన్న ఇసుకకూ గూటి లోతులో రెండు డిగ్రీలకు కాస్త తక్కువ తేడా కనిపిస్తోంది. పైపొర మధ్యాహ్నం కాలు పెట్టలేనంత కాలుతున్నా, 45 సెంటీమీటర్ల లోతున పగటికీ రాత్రికీ పెద్ద మార్పు ఉండదు. అక్కడ వేడి వారాల మీద నెమ్మదిగా ఎక్కుతుంది. జనవరి చివరి గూళ్లు మాత్రం పక్క ఇసుక కంటే స్పష్టంగా వెచ్చబడ్డాయి. నూరు పిండాలు ఒకేచోట ఎదుగుతూ విడుదల చేసే వేడి అది. ఇక పిల్లలు రావడానికి ఎంతో వ్యవధి లేదని దీన్నిబట్టి తెలుస్తుంది.

మార్చి, చివరి వారం

మొదటి గూడు మీద ఇసుక చిన్న గుంటలా కుంగింది. కింద గుడ్లు పగిలి, పెంకుల్లో ఉన్న చోటంతా ఖాళీ అయి, ఆ ఖాళీలోకి పై ఇసుక జారినప్పుడు అలా కనిపిస్తుంది. పిల్ల ముక్కు మీది చిన్న మొనతో పెంకును చీల్చుకుని వెంటనే పైకి రాదు. పొట్ట కింద మిగిలిన పచ్చసొనను లోపలికి పీల్చుకుంటూ, వంగిన డిప్ప సాఫయ్యేదాకా ఆగి, రెండు మూడు రోజుల పాటు తోబుట్టువులతో కలిసి పైకి తవ్వుకుంటూ వస్తుంది. పైవి కప్పును రాల్చుతాయి, కిందివి రాలిన ఇసుకను తొక్కి మెట్టు చేస్తాయి. ఒంటరి పిల్లకు ఇది చాలా కష్టం. పైపొర వేడిగా ఉంటే అక్కడే ఆగి, చల్లబడ్డాక, అంటే చీకటి పడ్డాక, ఒక్క ఉదుటున బయటికి వస్తాయి.

ఈ వారం మా పట్టుదల అంతా వదిలే వేళ గురించే. పిల్లలను పొద్దుటిదాకా తొట్టెలో ఉంచి, అతిథులు వచ్చాక వదలమని ప్రతి ఏటా అడుగుతారు. వాళ్ల ఆసక్తిని నేను గౌరవిస్తాను. చూసిన పిల్లవాడు జన్మలో మరిచిపోడని కూడా నాకు తెలుసు. అయినా ఒప్పుకోలేదు. గూటి నుంచి బయటపడిన పిల్లలో ఒక తీవ్రమైన ఊపు ఉంటుంది. ఆ ఊపుతో అది ఇసుక దాటి, అలలు దాటి, ఒక రోజుకు పైగా ఆగకుండా ఈది, చేపలూ పక్షులూ ఎక్కువగా ఉండే ఒడ్డు నీళ్ల నుంచి తప్పించుకోవాలి. దానికి ఇంధనం ఆ మిగిలిన పచ్చసొనే. తొట్టెలో గంటల తరబడి గోడలకు కొట్టుకున్న పిల్ల ఆ శక్తిని అక్కడే ఖర్చు పెట్టేస్తుంది. ఆ పైన పట్టపగలు వదిలితే కాకులకూ గద్దలకూ అప్పగించినట్టే.

అందుకే గూళ్ల మీద బుట్టలు బోర్లించి, రాత్రంతా గంటగంటకూ చూసి, వచ్చినవి వచ్చినట్టే చీకట్లో వదులుతున్నాం. నీళ్లలో కాదు, నీటి అంచుకు చాలా ఎగువన, పొడి ఇసుక మీద. ఆ నడక దానికి అవసరం. సముద్రం వైపు ఆకాశపు అంచు వెలుగును చూసి దిక్కు పట్టుకుంటుంది, నీళ్లలో దిగాక అలలకు ఎదురు ఈదుతుంది, ఆ తర్వాత భూమి అయస్కాంత శక్తి ఆధారంగా దారి నిలుపుకుంటుంది. ఒకే చోట వదిలితే అక్కడ చేపలు కాచుకుంటాయి కాబట్టి రోజుకో చోట వదులుతున్నాం. తోట వెనుక దీపాల కాంతి పడే భాగంలో పిల్లలు వెనక్కి మళ్లడం గమనించాక, అక్కడి వసతి గృహాల యజమానులను కలిసి సముద్రం వైపు దీపాలు రాత్రి ఆర్పమని అడిగాం. చాలామంది మారుమాట లేకుండా ఆర్పారు.

మే, రెండో వారం

పిల్లలు వెళ్లిపోయిన గూళ్లను కొద్ది రోజులు ఆగి తవ్వి చూస్తున్నాం. వాసన భరించడం కష్టం గానీ ఈ సీజను మొత్తంలో నాకు ఎక్కువ నేర్పేది ఈ పనే. ఖాళీ పెంకులు ఒక కుప్ప, ఎదుగుదలే లేని గుడ్లు ఒక కుప్ప, చచ్చిన పిండాలను వయసు వారీగా మరో కుప్ప. పిండాలు మరీ లేతగా చనిపోయి ఉంటే తరలింపులో కుదుపునో ఆలస్యాన్నో అనుమానించాలి. బాగా ఎదిగి, పెంకు చీల్చే ముందు చనిపోయి ఉంటే వేడినో తేమ లోపాన్నో చూడాలి. ఈసారి లేత పిండాల మరణాలు తక్కువ. మార్చిలో పెట్టి ఎండలో ఉంచిన గూళ్లలో ఎదిగిన పిండాల మరణాలు పందిరి కింది వాటికంటే ఎక్కువగా కనిపిస్తున్నాయి. గూళ్లు కొన్నే కాబట్టి దీన్ని రుజువు అనను. వచ్చే ఏడాది మార్చి గూళ్లన్నిటికీ పందిరి వేయడానికి మాత్రం ఈ కారణం చాలు.

మే, చివరి వారం

పిల్లల లెక్క అడిగేవాళ్లకు ఇంకో లెక్క కూడా చెబుతున్నాను. వెయ్యి పిల్లల్లో ఒకటి పెరిగి పెద్దదవుతుందని స్థూలమైన అంచనా. పెద్దదవడానికి రిడ్లీకి దశాబ్దానికి పైనే పడుతుంది. ఈ మధ్యకాలంలో అది నడి సముద్రంలో పీతలు, నత్తలు, జెల్లీ చేపలు, రొయ్యలు తింటూ తిరుగుతుంది. మగది మళ్లీ నేల మీద కాలు పెట్టదు. ఆడది తాను పుట్టిన ప్రాంతపు తీరాలకు తిరిగి వస్తుంది. అలాగని ఒకే చోటికి కట్టుబడి ఉంటుందనీ చెప్పలేం. 2021లో ఒడిశాలో ట్యాగు వేసిన ఒక తాబేలు 2025లో మహారాష్ట్రలోని గుహాగర్ తీరంలో గుడ్లు పెట్టింది. ఒడిశాలో ఉపగ్రహ ట్రాన్స్‌మిటర్లు కట్టిన తాబేళ్లు శ్రీలంక వైపు మన తీరం వెంటే ప్రయాణించాయి.

ఇన్ని ప్రమాదాలు దాటి పెద్దదైన ఒక ఆడ తాబేలు ట్రాల్ వలలో చచ్చిందంటే, మా కంచెలో ఎన్నో గూళ్ల పిల్లలు ఆ నష్టానికి సరిపోవు. 1987లో అమెరికాలో డెబొరా క్రౌజ్, లారీ క్రౌడర్, హాల్ కాస్వెల్ లాగర్‌హెడ్ తాబేళ్ల జనాభాను లెక్కగట్టి, గుడ్లను ఎంత కాపాడినా, ఎదిగేవీ ఎదిగినవీ వలల్లో చస్తుంటే క్షీణత ఆగదని చూపారు. వలలో తాబేలు తప్పించుకునే దారి పెట్టాలన్న నిబంధనకు అక్కడ ఆ లెక్క బలాన్నిచ్చింది. మన దేశంలో కొచ్చిలోని కేంద్ర మత్స్య సాంకేతిక సంస్థ అలాంటి పరికరాన్ని, టెడ్‌ను, రూపొందించింది. వల సంచి ముందు వాలుగా బిగించిన ఊచల చట్రం అది. చేపలూ రొయ్యలూ ఊచల సందుల్లోంచి సంచిలోకి పోతాయి, తాబేలు చట్రానికి తగిలి పైనున్న మూత తోసుకుని బయటపడుతుంది. కొంత చేప కూడా ఆ దారినే పోతుందన్నది బోటు యజమానుల భయం. అది వాళ్ల జీవనానికి సంబంధించిన మాట కాబట్టి తేలిగ్గా తీసేయలేం. టెడ్ లేని కారణంగా మన సముద్రపు రొయ్యలను అమెరికా కొనడం మానేసిందన్న సంగతి కూడా వాళ్ల ముందు పెట్టాలి.

"మీరు గుడ్లు కాపాడుతున్నారు మాస్టారూ, మరి తల్లుల్ని ఎవరు కాపాడతారు?" అని అలివి వల పెద్ద ఒకాయన కంచె విప్పుతుండగా అడిగారు. వేట నిషేధం సాగుతున్న ఈ రెండు నెలలు మరబోట్లన్నీ ఒడ్డునే ఉంటాయి, వలలు బాగుచేసుకునే కాలమూ ఇదే. టెడ్ బిగించిన వలను ఒక బోటు మీద చూపించడానికి మత్స్య శాఖ వారితో కలిసి ఒక రోజు ఏర్పాటు చేయమని రాశాం. ఆయన కూడా వస్తానన్నారు. కంచె జాలీ, పలకలు, బుట్టలు శుభ్రం చేసి లోపల పెట్టాం. బయటి ఇసుకలోని థర్మామీటరును మాత్రం తీయలేదు. మిగిలిన వేసవి అంతా, ఆ తర్వాతా అది అక్కడే ఉండి, వచ్చే డిసెంబరులో కొత్త చోటు ఎంచుకునేనాటికి ఈ ఇసుక ఏడాది పొడవునా ఎలా వేడెక్కి ఎలా చల్లబడుతుందో చూపిస్తుంది.